గేమ్ ఆడితే కడుపులో తిప్పుతోందా? మందుకన్నా ముందు మెనూ చూడండి

గంటలకొద్దీ క్యాండీ క్రష్ ఆడినా ఏమీ కాని మనిషికి మైన్‌క్రాఫ్ట్‌లో పావుగంట తిరిగేసరికి నుదుటి మీద చల్లటి చెమట పడుతుంది. ముందు ఆవలింతలు, తర్వాత నోట్లో నీళ్ళూరడం, ఆపైన కడుపులో తిప్పడం. ఇంట్లోవాళ్ళు "కళ్ళు పాడవుతున్నాయి, ఆ ఆటలు మానెయ్" అంటారు. ఆడేవాళ్ళేమో ఇవి తమ ఒంటికి పడవని తీర్మానించుకుని కంట్రోలర్ పక్కన పడేస్తారు. చాలామంది అంతదాకా వెళ్ళనక్కర్లేదు. గేమ్ సెట్టింగ్స్‌లోనే దీనికి సంబంధించిన మీటలు కొన్ని ఉంటాయి. వాటిని ఎటు, ఎంత జరపాలో తెలిస్తే ఇబ్బంది బాగా తగ్గుతుంది. కొందరికి పూర్తిగానే పోతుంది.

కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషికి తల తిరగడమేమిటి? మన ఒక్కో చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల తిప్పితే నాళాల్లోని ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చెబుతుంది. ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ వెళ్ళే కదలికను సంచులు పసిగడతాయి. చెవి చెప్పింది, కన్ను చెప్పింది ఒకటైతే పేచీ లేదు. అరకు ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే ఫోన్‌లో తలదూర్చినవారికి వాంతి రావడానికి కారణం, చెవి "తిరుగుతున్నాం" అంటుంటే కన్ను "లేదు" అనడం. గేమ్‌లో ఇదే తిరగబడుతుంది. కన్ను "పరిగెడుతున్నాం, దూకుతున్నాం" అంటుంది, చెవి మాత్రం "కూర్చునే ఉన్నాం" అంటుంది. వికారానికి మూలం ఈ పొంతన లేకపోవడమేనన్న వివరణను రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఒక పుస్తకంగా తెచ్చారు. ఈ విషయం మీద మాట్లాడేవారు ఇప్పటికీ మొదట ఎత్తుకునేది దాన్నే.

ఇది ఒంటి బలహీనతేమో అనుకునేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. అమెరికాలో 1957లో హెలికాప్టర్ శిక్షణ కోసం పెట్టిన సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండి తెర మీద గాలి ప్రయాణం చూపించే యంత్రంలో, కూర్చున్నవారికి వికారం పుట్టినట్టు నమోదైంది. కొత్తగా నేర్చుకునేవారికన్నా నిజం హెలికాప్టర్లు బాగా నడిపిన శిక్షకులే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. అసలు కదలిక ఎలా ఉంటుందో వాళ్ళ ఒంటికి బాగా తెలుసు కాబట్టి, తేడా కూడా వాళ్ళకే ముందు తెలిసింది. ఈ బాధను కొలవడానికి 1993లో కెనడీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 16 లక్షణాలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. కళ్ళ అలసట, తలనొప్పి, చెమట, నోట్లో నీళ్ళూరడం అన్నీ అందులో ఉన్నాయి. నేటికీ పరిశోధనల్లో దాన్నే వాడుతున్నారు. కాబట్టి మీ పిల్లవాడు తల పట్టుకుంటే నటిస్తున్నాడని అనుకోకండి.

ఇక మెనూలోకి వెళ్దాం. మొదట చూడవలసింది ఫ్రేమ్ రేట్. తెర మీద కనిపించే కదలికంతా వరసగా మారే నిశ్చల చిత్రాలే. సెకనుకు ఎన్ని చిత్రాలు మారుతున్నాయో చెప్పే లెక్కే ఫ్రేమ్ రేట్, పొట్టిగా ఎఫ్‌పీఎస్. సెకనుకు 30 అయితే ఒక్కో చిత్రం తెర మీద 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 60 అయితే దాదాపు 17, 120 అయితే 8 చిల్లర.

ఇంత చిన్న తేడా ఒంటికి ఏం తెలుస్తుందంటారా? స్కేలు పట్టుకుని చూద్దాం. 24 అంగుళాల మానిటర్ వెడల్పు 53 సెంటీమీటర్లు. గేమ్‌లో మీ పాత్ర అర సెకనులో కుడివైపుకు 90 డిగ్రీలు తిరిగిందనుకోండి, ఆటలో ఇది మామూలు వేగమే. సెకనుకు 30 చిత్రాలైతే ఒక్కో చిత్రానికీ దృశ్యం 6 డిగ్రీలు జరగాలి. తెర మధ్యలో ఉన్న చెట్టు ఒక్కో గెంతుకు దాదాపు 3 సెంటీమీటర్లు ఎగిరి పడుతుంది. 60 చిత్రాలైతే ఆ గెంతు ఒకటిన్నర సెంటీమీటర్లకు దిగుతుంది, 120 అయితే ముప్పావు సెంటీమీటరుకు. అర సెకనుసేపు చెట్టు వెంట వెళ్ళే కన్ను 3 సెంటీమీటర్ల గెంతులు పదిహేను వేయాలి. తల నొప్పి పుట్టదా మరి.

అయితే ఎక్కువ ఫ్రేమ్‌లకన్నా నిలకడైన ఫ్రేమ్‌లు ముఖ్యం. చాలామంది సగటు చూసి మోసపోయేది ఇక్కడే. సగటు 60 ఉన్న గేమ్ నిమిషానికి 3,600 చిత్రాలు చూపిస్తుంది. అందులో నూటికి ఒక్కటి ఆలస్యమైనా నిమిషానికి 36 కుదుపులు పడతాయి. సగటు అంకె మీద మచ్చ కూడా పడదు, కడుపుకు మాత్రం తెలిసిపోతుంది. మీ కంప్యూటర్ 45కూ 70కీ మధ్య ఊగిసలాడుతుంటే, మెనూలో ఫ్రేమ్ లిమిట్ అనే చోట అది ఎప్పుడూ కిందికి జారని అంకె దగ్గర కట్టేయండి. 70 పోయినందుకు బాధపడకండి. ఫ్యాన్ మోత కూడా తగ్గుతుంది.

నిలకడ రావాలంటే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలా? ముందు బొమ్మల సోకు తగ్గించి చూడండి. 1080పీ అంటే తెర మీద 20 లక్షల 73 వేల చుక్కలు. 720పీ అంటే 9 లక్షల 21 వేలు, అంటే సగానికన్నా తక్కువ. 4కే అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు, దాదాపు 83 లక్షలు. సెకనుకు 60 సార్లు ఇన్ని చుక్కలకు రంగు వేయడమే కార్డు పని. ఈ చుక్కల లెక్కను, అంటే రిజల్యూషన్‌ను, ఒక మెట్టు దించితే, నీడల నాణ్యతను హై నుంచి మీడియంకు తెస్తే దానికి ఊపిరి ఆడుతుంది. నీడల అంచులు కాస్త గరుకుగా కనిపిస్తే వికారం రాదు, కదలిక తడబడితే వస్తుంది. అందంగా కుదుపుతో నడిచే గేమ్‌కన్నా నాసిగా నున్నగా నడిచే గేమ్ నయం. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే దీన్నే ఉంచుకోండి.

తర్వాత ఆపేయవలసినవి. మొదటిది మోషన్ బ్లర్, కెమెరా తిరిగినప్పుడు దృశ్యాన్ని చెరిపినట్టు మసకగా చూపించే హంగు. నిజ జీవితంలో మనం చూపు తిప్పితే కన్ను కావలసినచోట ఠక్కున ఆగి స్పష్టంగా చూస్తుంది. ఈ హంగుతో కన్ను ఎక్కడ నిలిపినా మసకే. 30 ఎఫ్‌పీఎస్ దాటని కన్సోల్ గేమ్‌లలో కొద్దిపాటి బ్లర్ గెంతులను కప్పిపుచ్చి కొందరికి హాయిగా అనిపిస్తుంది. అలాంటిచోట పూర్తిగా ఆపి ఒకసారి, సగం పెట్టి ఒకసారి చూసుకోండి.

రెండోది కెమెరా షేక్, పేలుడు జరిగితే తెరంతా ఊపేయడం. దీన్ని నిస్సంకోచంగా సున్నాకు దించండి. మూడోది హెడ్ బాబ్, నడిచేటప్పుడు పాత్ర తల ఊగినట్టు దృశ్యం పైకీ కిందికీ ఊగడం. మైన్‌క్రాఫ్ట్‌లో దీని పేరు వ్యూ బాబింగ్. నిజంగా నడిచేటప్పుడు మన తల ఊగినా కళ్ళు ఎదురు కదిలి దృశ్యాన్ని నిలబెడతాయి. చెవిలోని నాళాలు కంటి కండరాలకు ఎప్పటికప్పుడు సమాచారం ఇవ్వడం వల్లే అది సాధ్యం. కూర్చున్నప్పుడు ఆ సమాచారం ఏదీ? అందుకే తెర మీద ఊపంతా దిద్దుబాటు లేకుండా కంట్లో పడుతుంది. సహజత్వం పేరుతో పెట్టిన ఈ హంగు నిజానికి అసహజమని నా అభిప్రాయం. మొదటి నుంచే ఆపి ఉంచి, కావాలన్నవారు పెట్టుకునేలా గేమ్ తయారీదారులు ఇస్తే బాగుంటుంది.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటే దూరం వస్తువులను మసకబార్చడం. ఫిల్మ్ గ్రెయిన్ అంటే పాత సినిమా రీలులా చుక్కలు చల్లడం. క్రొమాటిక్ అబెరేషన్ అంటే అంచుల్లో రంగులు విడదీయడం. ఇవి వికారం తెప్పించకపోయినా కళ్ళను అలసిపోయేలా చేస్తాయి. ఆపితే నష్టం లేదు.

ఇప్పుడు అసలు మీట దగ్గరికి వద్దాం. ఫీల్డ్ ఆఫ్ వ్యూ, పొట్టిగా ఎఫ్‌ఓవీ. పాత్ర కళ్ళలోంచి లోకాన్ని చూపించే ఆటల్లో, అంటే ఫస్ట్ పర్సన్ ఆటల్లో, దీని ప్రభావం ఎక్కువ. గేమ్ లోకంలోంచి ఎన్ని డిగ్రీల వెడల్పు దృశ్యాన్ని మీ తెరలో ఇరికించాలో ఇది చెబుతుంది. 60 పెడితే బైనాక్యులర్‌లోంచి చూసినట్టు కొంచెం దృశ్యమే పెద్దగా కనిపిస్తుంది. 100 పెడితే ఎక్కువ దృశ్యం చిన్నగా కనిపిస్తుంది.

దీనికీ కడుపుకూ ఏమిటి సంబంధం? మళ్ళీ ఆ 24 అంగుళాల తెరనే తీసుకుందాం. ఎఫ్‌ఓవీ 60 ఉన్నప్పుడు పాత్ర తల ఒక్క డిగ్రీ తిప్పితే తెర మధ్యలోని వస్తువు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. 90 ఉంటే 4.6 మిల్లీమీటర్లే. అంటే మీరు మౌస్ అంతే కదిపినా, 60 దగ్గర దృశ్యం ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ పరిగెడుతుంది. పైగా పక్కనున్న గోడలు, తలుపులు కనపడవు కాబట్టి అటూ ఇటూ మాటిమాటికీ తిరిగి చూసుకోవాలి. తిరిగే ప్రతిసారీ ఆ పరుగు. దగ్గరగా కూర్చుని ఇరుకు ఎఫ్‌ఓవీతో ఆడేవారికి పది నిమిషాల్లోనే కడుపులో మొదలవడం వింతేమీ కాదు.

సోఫాలో కూర్చుని దూరంగా టీవీలో ఆడతారన్న అంచనాతో చాలా కన్సోల్ గేమ్‌లకు ఇరుకు ఎఫ్‌ఓవీ ఇవ్వడం పరిపాటి. అదే గేమ్‌ను బల్ల మీద మానిటర్‌కు తగిలించి మూరెడు దూరంలో ఆడితే అంచనా తప్పుతుంది. మీ తెర మీ కంటికి ఎంత కోణంలో ఉందో ఇంట్లో టేపుతో తేల్చుకోవచ్చు. తెర వెడల్పు ఎంతో కంటి నుంచి తెర దూరమూ అంతే ఉంటే కోణం 53 డిగ్రీలు. దూరం వెడల్పుకు రెట్టింపైతే 28. మూడు రెట్లయితే 19. 24 అంగుళాల మానిటర్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే 48 వస్తుంది. 43 అంగుళాల టీవీని 8 అడుగుల నుంచి చూస్తే 22. పేరుకు టీవీ పెద్దదే గానీ కంటికి సగం కూడా లేదు.

అయితే ఎఫ్‌ఓవీ కూడా 48 పెట్టాలి కదా అని లెక్క తెలిసినవారు అడుగుతారు. జ్యామితి ప్రకారం అదే సరి, దృశ్యంలోని వస్తువులు నిజమైన పరిమాణంలో కనిపించేది అప్పుడే. కానీ 48 డిగ్రీల సందులోంచి చూస్తూ పరిగెత్తి ఆడటం కష్టం. అందుకే మధ్యేమార్గం. మానిటర్‌కు దగ్గరగా కూర్చునేవారు 90 నుంచి 100 మధ్య, టీవీకి దూరంగా కూర్చునేవారు 70 నుంచి 80 మధ్య మొదలుపెట్టండి. ఎంత పెంచితే అంత మంచిదనుకోకండి. 110 దాటితే తెర అంచుల్లో వస్తువులు సాగిపోతాయి. నడుస్తుంటే పక్కవి ఈడ్చుకుపోయినట్టు వెనక్కి జారతాయి, కొందరికి అదే కొత్త వికారం. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు, కాబట్టి ఒకసారికి 5 డిగ్రీలకు మించి జరపవద్దు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అన్ని గేమ్‌లూ ఎఫ్‌ఓవీని ఒకేలా లెక్కపెట్టవు. కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ తెరిచి ఆప్షన్స్‌లోకి వెళ్ళండి. ఎఫ్‌ఓవీ మీట 30 నుంచి 110 వరకు జరుగుతుంది. 70 దగ్గర అంకె బదులు "నార్మల్" అని, చివర 110 దగ్గర "క్వేక్ ప్రో" అని ఉంటుంది. ఆ 70ని చూసి తక్కువని పెంచబోకండి. అది నిలువు కోణం, పై నుంచి కిందికి కొలిచినది. మామూలు వెడల్పాటి తెర మీద అడ్డంగా కొలిస్తే 102 డిగ్రీలవుతుంది. అంటే మైన్‌క్రాఫ్ట్ నార్మల్ ఇప్పటికే విశాలం. అందులో వికారం వస్తుంటే ఎఫ్‌ఓవీని పెంచకుండా వ్యూ బాబింగ్ ఆపండి. ఎఫ్‌ఓవీ ఎఫెక్ట్స్, డిస్టార్షన్ ఎఫెక్ట్స్ అనే రెండు మీటలను సున్నాకు దించండి. పరుగు తీస్తే దృశ్యం ఉన్నట్టుండి సాగడం, ఆటలో నెదర్ అనే లోకానికి వెళ్ళే ద్వారంలో నిలబడితే తెర అలల్లా ఊగడం వీటి పనే.

ఫోన్‌లో ఆడేవారి సంగతి? ఆరున్నర అంగుళాల ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని 30 సెంటీమీటర్ల దూరంలో చూస్తే కోణం 28 డిగ్రీలే, కాబట్టి ఇబ్బంది సహజంగానే తక్కువ. బీజీఎంఐ అనే షూటింగ్ ఆటలో వికారం అనిపిస్తే గ్రాఫిక్స్‌ను స్మూత్‌కు దించి ఫ్రేమ్ రేట్ పెంచండి. అక్కడ అంకెల బదులు పేర్లుంటాయి. హై అంటే 30, అల్ట్రా అంటే 40, ఎక్స్‌ట్రీమ్ అంటే 60. బొమ్మ నాణ్యత హెచ్‌డీఆర్‌లో పెట్టుకుంటే చాలా ఫోన్‌లలో పై ఫ్రేమ్ రేట్‌లు అందవు. కదిలే బస్సులో, కారులో మాత్రం ఆడకండి. అక్కడ ఏ సెట్టింగూ పనిచేయదు.

వీఆర్ హెడ్‌సెట్ కొన్నవారికి ఇంకో సందేహం వస్తుంది. అందులో వికారం తగ్గాలంటే దృశ్యాన్ని ఇరుకు చేయమంటారు, మానిటర్‌లో విశాలం చేయమంటారు, ఏది నిజం? రెండూ నిజమే. మన కంటి పక్కచూపు కదలికను చాలా గట్టిగా పట్టుకుంటుంది. హెడ్‌సెట్ పక్కచూపును కూడా కప్పేస్తుంది. అందుకే కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫెర్నాండెస్, ఫైనర్ అనే పరిశోధకులు 2016లో పాత్ర కదిలేటప్పుడు మాత్రం అంచులను మెల్లగా చీకటి చేసి, ఆగాక తెరిచి చూశారు. ఇబ్బంది తగ్గింది. ఇప్పుడు చాలా వీఆర్ గేమ్‌లలో విన్యెట్ అనే పేరుతో ఉన్నది ఇదే. మానిటర్‌లో ఎఫ్‌ఓవీ పెంచితే కంటికి కనపడే తెర పెరగదు, అదే తెరలో దృశ్యం చిన్నదై దాని పరుగు తగ్గుతుంది. రెండు దారులూ చేసేది ఒకటే, కంట్లో పడే కదలికను తగ్గించడం.

ఆ పని కుర్చీ కూడా చేస్తుంది. 60 సెంటీమీటర్ల నుంచి ఓ జానెడు వెనక్కి, 80కి జరిగితే 24 అంగుళాల తెర కోణం 48 నుంచి 37కు పడిపోతుంది. రూపాయి ఖర్చు లేదు. గదిలో లైటు కూడా వేసి ఉంచండి. చీకట్లో తెర తప్ప మరేదీ కనపడదు. వెలుతురు ఉంటే గోడ, కిటికీ, బల్ల అంచు కనపడుతూ నువ్వు కదలడం లేదని కంటికి గుర్తుచేస్తుంటాయి.

తెర మధ్యలో కదలని చుక్క ఒకటి ఉన్నా అదే మేలు. 2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్‌లో మేడల మీద పరుగెత్తి దూకే పాత్ర కళ్ళలోంచి చూస్తూ ఆడాలి. వికారం రాకుండా తెర నడుమ చిన్న చుక్క పెట్టారు. 2020లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 ఒక అడుగు ముందుకు వేసి, మోషన్ సిక్‌నెస్ అనే పేరుతోనే ఒక పేజీ ఇచ్చింది. కెమెరా షేక్, మోషన్ బ్లర్, కెమెరా దూరం, ఎఫ్‌ఓవీ, మధ్య చుక్క అన్నీ ఒక్కచోటే. చుక్క రంగు కూడా మార్చుకోవచ్చు. ప్రతి గేమ్‌లోనూ ఇలాంటి పేజీ ఉండాలి. మీ గేమ్‌లో ఉందేమో యాక్సెసిబిలిటీ అన్న విభాగంలో వెతకండి, చాలామంది అటువైపే చూడరు. ఎక్కడా దొరక్కపోతే తెర నడిమధ్యలో చిన్న స్టిక్కర్ ముక్క అంటించినా పని జరుగుతుంది.

మౌస్, కంట్రోలర్ సంగతి క్లుప్తంగా. మౌస్ స్మూతింగ్, మౌస్ యాక్సిలరేషన్ రెండూ ఆపండి. చేయి కదిపినదానికీ తెర కదిలినదానికీ పొంతన కుదురుతుంది. కంట్రోలర్‌తో కెమెరా తిరిగే వేగాన్ని సగానికి దించి మొదలుపెట్టండి. పక్కన కూర్చుని ఇంకొకరు ఆడుతుంటే చూసేవారికి తరచూ ఎక్కువ తిప్పుతుంది, ఎటు తిరగబోతున్నారో వాళ్ళకు ముందుగా తెలియదు కాబట్టి. మీ పిల్లలు ఆడుతుంటే చూడలేకపోతున్నారా? ఓసారి కంట్రోలర్ మీరే తీసుకుని చూడండి.

ఇవన్నీ ఒకేసారి మార్చవద్దు. ఏది పనిచేసిందో తెలియదు. ముందు ఫ్రేమ్‌ల నిలకడ, తర్వాత బ్లర్, షేక్, బాబ్ ఆపడం, ఆ తర్వాత ఎఫ్‌ఓవీ. ఒక్కో మార్పుకూ ఒక పూట ఇవ్వండి. మొదట్లో 10, 15 నిమిషాలకు మించి ఆడకండి. మొదటి ఆవలింత, మొదటి వెచ్చదనం తగిలిందంటే ఆట ఆపి లేవండి. ఓర్చుకుని ఆడితే అలవాటవుతుందన్న మాట సగమే నిజం. ఇబ్బంది రాకముందే ఆపుతూ రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త పెంచితే ఒళ్ళు అలవాటు పడుతుంది. వాంతి వచ్చేదాకా ఆడితే మర్నాడు ఆ గేమ్ పేరు వింటేనే తిప్పడం మొదలవుతుంది. తల దిమ్ము పూర్తిగా దిగేదాకా బండి తీయకండి.

బస్సు ప్రయాణానికి వేసుకునే వాంతి మాత్ర గేమ్ కోసం వేసుకోవచ్చా అని అడిగేవారున్నారు. ఆ మాత్రల్లో చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది. రోజూ ఆడే ఆట కోసం రోజూ మందు మింగడం సరికాదు. మైగ్రేన్ ఉన్నవారికి ఈ వికారం త్వరగా వస్తుంది, వాళ్ళు మొదటి నుంచే పై సెట్టింగ్స్ అన్నీ పెట్టుకోవడం మంచిది. గేమ్ ముట్టని రోజున కూడా తల తిరుగుతుంటే, చెవిలో హోరు వినిపిస్తుంటే, వినికిడి తగ్గినట్టు అనిపిస్తుంటే దానికి మందు మెనూలో లేదు. ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.